ఉద్దెర, అప్పు, చేబదులు

సికింద్రాబాదులో 'స్టేషన్' అంటే ఏ స్టేషనని ఎవరూ అడగరు. 1874 నుంచీ రైలు ఆగుతున్న చోటు అది. అక్కడి నుంచి జనరల్ బజార్ వైపు నడుస్తూ దుకాణాల బోర్డులు చదువుకుంటూ పోతే, 'స్టేషనరీ' అన్న మాట ఇంగ్లీషులో రెండు విధాలుగా కనబడుతుంది. 'ఆర్' అక్షరానికి ముందు కొన్నిచోట్ల 'ఈ', కొన్నిచోట్ల 'ఏ'. 'ఈ' రాస్తే పుస్తకాలు, కలాలు, కాగితాలు. 'ఏ' రాస్తే కదలకుండా నిలిచి ఉన్నదని అర్థం. పోటీ పరీక్షలకు చదివే పిల్లల చేత మనం ముందుగా బట్టీ పట్టించే జంటల్లో ఇదొకటి. తెలుగు లిపిలో రాస్తే ఆ తేడా అసలు కనిపించనే కనిపించదు. మనం పలికినట్టు రాస్తాం. కల, కళ అన్నట్టు తేడా ఉంటే అది నోట్లోనూ ఉంటుంది. ఇంగ్లీషులో నోటికి అందని తేడాను కంటితో పట్టుకోవాలి.

ఆ రెండు మాటల పుట్టుక ఒకటే. నిలబడటమనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి. మధ్యయుగపు ఐరోపాలో చిల్లర వర్తకులు ఊరూరా తిరిగి సరుకులమ్మేవారు. విశ్వవిద్యాలయాల దగ్గర మాత్రం పుస్తకాల వర్తకులు ఒకచోట అంగడి పెట్టుకుని నిలిచిపోయారు. అలా నిలిచినవాడు స్టేషనర్, అతను అమ్మే సరుకు స్టేషనరీ. కంపెనీ సైన్యం మకాం వేసిన చోటును కూడా ఇంగ్లీషువాళ్ళు స్టేషనే అన్నారు. 1798లో నిజాంతో కుదిరిన ఒప్పందంతో హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలిసిన దండు, 1806లో సికందర్ జా పేరుతో సికింద్రాబాదు అయింది. రైలు రాకముందే ఊరంతా ఒక స్టేషనన్నమాట. ఇప్పటికీ ఆఫీసుల్లో ఎవరైనా పొరుగూరు వెళితే 'ఔటాఫ్ స్టేషన్' అంటాం. దండు వదిలిపోయిన మాట అది.

మరి ఆ బోర్డు మీద 'ఏ' రాసిన పెయింటరు వల్ల ఎవరికి ఏ నష్టం జరిగింది? నోటుపుస్తకం కొనడానికి వచ్చిన పిల్లవాడు ఆ అక్షరం చూసి వెనక్కి తిరిగి వెళ్ళడు. ఇంగ్లీషు పాఠాలు చెబుతూ ఇన్నేళ్ళు గడిపినా, తికమక మాటల జాబితాను ఈ వైపు నుంచి చూడవచ్చునని నాకు తోచలేదు. అడ్వైస్, అడ్వైజ్, ఎకనామిక్, ఎకనామికల్, రిఫ్యూజ్, డినై, అన్నీ ఒకే బరువున్న జంటలన్నట్టు ఒకదాని కింద ఒకటి రాయించేదాన్ని. వాటి బరువు వేరువేరని తెలిసింది సీతాఫల్‌మండిలో, ఒక ఇంట్లో.

ఆ ఇంట్లో అమ్మాయి బ్యాంకు క్లర్కు పరీక్షకు చదువుతోంది. తాత లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. తల్లి ఇంట్లోనే మిషన్ కుడుతుంది. సాయంత్రం పూట నేను వెళ్ళి ఆ అమ్మాయి దగ్గర కూర్చునేదాన్ని. ఆ రోజు మా ముందున్నవి 'బారో', 'లెండ్'. ఒకటి అప్పు తీసుకోవడం, ఒకటి అప్పు ఇవ్వడం. చెప్పినప్పుడు సరిగ్గానే ఒప్పజెప్పింది. వాక్యంలో పెట్టమంటే తారుమారవుతున్నాయి. మళ్ళీ చెప్పాను, మళ్ళీ తారుమారయ్యాయి. నిజానికి ఇది తెలివికి సంబంధించిన ఇబ్బంది కాదు. మనకు అప్పు అనే నామవాచకం ఒకటి ఉంది. ఇచ్చినా అప్పే, తీసుకున్నా అప్పే. ఎటువైపన్నది పక్కనున్న క్రియ చూసుకుంటుంది. ఇంగ్లీషులో ఆ దిక్కు మాట లోపలే కూర్చుని ఉంది.

తల్లి మిషన్ ఆపింది. "ఏ అప్పు సంగతి చెప్తున్రు టీచరమ్మా?" అని అడిగింది. ఏ అప్పైనా ఇంతేనమ్మా అన్నాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. "అట్లెట్లయితది? దుకాణంల సామాన్ తెచ్చి నెలైనంక పైసలిస్తే అది ఉద్దెర. మిత్తికి తెస్తే అప్పు. పక్కింటామెనడిగి రెండొందలు తెచ్చి పొద్దుగాల ఇచ్చేస్తే చేబదులు. అన్నీ ఒక్కటే మాటనా వాళ్ళకు?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆమె మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది, ప్రశ్న మాత్రం నాతో ఇంటికి వచ్చింది. దాన్ని మెల్లగా విప్పి చూసుకున్నాను. ఉద్దెర దుకాణానికి చెల్లుతుంది; అక్కడ ఖాతా పుస్తకం ఉంటుంది, నెల జీతం గడువుగా ఉంటుంది. అప్పుకు మిత్తి ఉంటుంది, నోటు ఉంటుంది, నిద్ర పట్టని రాత్రి ఉంటుంది. చేబదులుకు ఇవేవీ లేవు, మాట ఒక్కటే ఉంటుంది. అది తప్పితే పోయేది పక్కింటి స్నేహం. మా అమ్మమ్మ కాలంలో ఎరువు అని మరొక మాట వాడేవారు. పెళ్ళికి కాసులపేరు ఎరువు తెచ్చుకుంటే ఆ కాసులపేరే తిరిగి వెళ్ళాలి, దాని ఖరీదు కాదు. మానెడు బియ్యం బదులు తెస్తే ఆ గింజలే ఇవ్వక్కర్లేదు, అన్ని బియ్యం ఇస్తే చాలు. చెయ్యి ఎటు చాచావని ఇంగ్లీషు అడుగుతుంటే, ఏం తెచ్చావు, ఎవరి దగ్గర, ఏ రూపంలో తీరుస్తావని తెలుగు అడుగుతోంది.

ఇక్కడ మనకు ఒక తేలిక దారి కనిపిస్తుంది: మన భాషే సూక్ష్మమైనది, ఇంగ్లీషు మొరటుదని తీర్మానించి తృప్తిపడటం. నేనూ ఆ దారిలో కొన్ని అడుగులు వేసి ఆగాను. ఇంగ్లీషుకు కూడా సరుకు అరువు తెచ్చుకోవడానికి వేరే మాట ఉంది, తాకట్టుకు వేరే మాట ఉంది. ఏ భాషా బీదది కాదు. గట్లు వేరేచోట వేసుకున్నాయి, అంతే. పొరుగు పొలంలోకి అడుగుపెట్టినవాడు గట్టు ఎక్కడుందో తెలియక తడబడతాడు. ఆ తడబాటును మనం తప్పు అని ఎర్రసిరాతో కొట్టేస్తాం.

అది ఒక్క తెలుగువాళ్ళ తడబాటే కూడా కాదు. 1936లో వచ్చిన 'కామన్ మిస్టేక్స్ ఇన్ ఇంగ్లిష్' అనే చిన్న పుస్తకాన్ని మన దేశంలోనూ ఎంతోమంది ఉపాధ్యాయులు దగ్గర పెట్టుకున్నారు. దాని రచయిత టి.జె. ఫిటికిడీస్ సైప్రస్‌లోని నికోసియాలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. చెట్టు కింద చల్లగా కూర్చునే 'షేడ్'నూ, మన వెంట నడిచే 'షాడో'నూ కలిపేయవద్దని అందులో ఆయన జాగ్రత్త చెబుతాడు. గ్రీకులో 'స్కియా' అనే మాట రెంటికీ చెల్లుతుంది, మన నీడలాగే. మన పిల్లలు ఎక్కడ ఆగిపోతారో అక్కడే సైప్రస్ పిల్లలూ ఆగిపోయారని తెలిసినప్పుడు నాకు ఎంతో ఊరట కలిగింది. ఎండ కాసే దేశాల్లో చెట్టు నీడకూ మనిషి నీడకూ ఒకే మాట ఎలా సరిపోయిందో, మబ్బులు కమ్మిన దేశానికి రెండు మాటలు ఎందుకు కావలసివచ్చాయో నేను చెప్పలేను.

ఎదురు దిక్కు నుంచి వచ్చినవాళ్ళ కష్టం మనం అంతగా తలుచుకోం. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టింది కంపెనీ ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పడానికి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి అక్కడే తెలుగు మొదలుపెట్టాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో గానీ రాలేదు. మధ్యలో గడిచిన ఏళ్ళలో ఎన్ని గట్ల దగ్గర తట్టుకుని ఉంటాడో ఊహించుకోవచ్చు. లేదు, కాదు: ఈ రెంటికీ ఇంగ్లీషులో ఒక్క 'నో'తో సరిపెట్టుకుంటారు. 'ఇది పాలు కాదు', 'ఇక్కడ పాలు లేవు'. తప్పటడుగులు వేసే పిల్లవాడికి కూడా మనలో ఎవరూ ఈ తేడా నేర్పరు. అలాగే నాకు దారి తెలుసు, నాకు ఈత వచ్చు. వాళ్ళకు రెండూ మరో 'నో', తెలియడమనే క్రియ. ఇవన్నీ నేర్చుకోవడానికి కూర్చున్న ఇంగ్లీషు దొరను తలుచుకుంటే, బారో, లెండ్ దగ్గర చిక్కుకున్న మా అమ్మాయి నాకు మరింత దగ్గరైంది.

అయినా సందేహం తీరలేదు. తేడాలన్నీ గట్లేననీ, ఎవరి గట్లు వారివేననీ అనుకుంటే, ఇక నేర్పడం దేనికి? పిల్లల వాక్యాల్ని ఉన్నవి ఉన్నట్టు వదిలేయవచ్చు కదా?

దీనికి జవాబు ఆ ఇంటి పెద్దాయన వైపు నుంచి వచ్చింది. మనవరాలు ఏదో ప్రయాణం గురించి చెబుతూ 'మా బోగీలో' అంది. ఆయన అరుగు మీద నుంచే సరిచేశాడు: "నువ్వు కూసున్నది కోచ్‌ల. బోగీల ఎవరూ కూసోరు బిడ్డా." రైలు పెట్టెను బోగీ అనని తెలుగువాడు లేడు. పత్రికలు అలాగే రాస్తాయి, నేనూ అలాగే అంటాను. కానీ లాలాగూడలో, నిజాం రైల్వే కాలంలో మొదలైన ఆ వర్క్‌షాపులో, బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. ఒక్కో కోచ్‌కు ముందొకటి, వెనకొకటి, రెండు బోగీలు. ఒక్కో బోగీకి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. మరమ్మతుకు వచ్చిన కోచ్‌ను క్రేనుతో పైకెత్తి కింది బోగీలను బయటికి దొర్లించి, విడదీసి, స్ప్రింగులూ బ్రేకులూ చూసి మళ్ళీ అమరుస్తారు. పైన బండి వేరు, కింద బోగీ వేరు. అక్కడ ఒక కాగితం మీద 'బోగీ మార్చాలి' అని రాస్తే దేన్ని మార్చాలో స్పష్టంగా తెలియాలి.

ప్లాట్‌ఫాం మీద మనకు ఆ అవసరం లేదు. ఎస్-ఫోర్ బోగీ ఎక్కడాగుతుందని అడిగితే పోర్టరు సరిగ్గానే చూపిస్తాడు. ఆ మాట మన దగ్గర కొత్త అర్థంతో స్థిరపడింది. దాన్ని తప్పు అనడానికి నాకు మనసొప్పదు. పెద్దాయన కూడా తప్పు అనలేదు, గమనించండి. ఎవరూ కూర్చోరు అన్నాడు. కింద ఉన్నది ఏమిటో ఆయన చేతులకు తెలుసు. ఆ తేడాను మోసే బాధ్యత ఆయన ఉద్యోగమంతా ఆయనది. ఇంట్లో మిత్తి కట్టేది తానే కనుక, ఉద్దెరకూ చేబదులుకూ మధ్య గట్టును ఆ తల్లి మోస్తున్నట్టే.

మన ఊళ్ళోనే ఇంకో సంగతి జరిగింది కదా. 1895 నుంచి రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు సికింద్రాబాదులో మలేరియా క్రిమి కోసం దోమల్ని కోసి చూస్తూ ఉన్నాడు. అందరికీ దోమ దోమే. ఆయనకూ శాస్త్రీయ నామాలు తెలియవు. అందుకని తానే పేర్లు పెట్టుకున్నాడు: బూడిదరంగు దోమ, చారల దోమ, చుక్కల రెక్కల దోమ. మొదటి రెండు రకాల్లో ఎంత వెతికినా మలేరియా క్రిమి దొరకలేదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, రోగి రక్తం తాగిన చుక్కల రెక్కల దోమ పొట్టలో అది కనబడింది. దోమను మూడు మాటలుగా విడదీయకపోతే, కనబడినదాన్ని ఫలానా రకంలో చూశానని రాసుకోవడానికి కూడా వీలుండేది కాదు. అవసరం ముందు వచ్చింది, పేరు తర్వాత వచ్చింది. నాకు తెలిసి భాషలో నిలిచే తేడాలన్నీ ఇలా వచ్చినవే. ఎవరో ఒకరికి ఆ రెండూ కలిసిపోతే నష్టం జరిగింది. వాళ్ళు మధ్యన గీత గీశారు.

అప్పటి నుంచి ప్రతి జంట ముందూ మేము ఒక ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాం: ఈ రెండూ కలిసిపోతే నష్టపోయేది ఎవరు? 'స్టేషనరీ' దగ్గర పెద్దగా ఎవరూ కాదని తేలింది. పరీక్షలో ఒక మార్కు పోతుంది. దానికోసం గుర్తుపెట్టుకుంటే చాలు. 'డౌట్' దగ్గర మాత్రం చాలాసేపు ఆగవలసివచ్చింది. మనకు అనుమానం రెండువైపులా పనిచేస్తుంది. వాడొస్తాడో రాడో అనుమానమే అంటాం. వాడే తీశాడని నా అనుమానం అని కూడా అంటాం. మొదటిది నమ్మకం లేకపోవడం, రెండోది నమ్మకం ఉండటం. మనం రెంటికీ 'డౌట్' అనే అంటాం. ఇంగ్లీషులో రెండోదానికి 'సస్పెక్ట్' కావాలి. ఫైలు అతనే తీసుకున్నాడని చెప్పదలచి ఒక గుమాస్తా 'డౌట్' అని రాస్తే, ఇంగ్లీషు తెలిసిన పై అధికారి అతను తీసుకోలేదనే ఈయన అభిప్రాయమని చదువుకుంటాడు. మన ఊరివాడే అయితే అతనే తీశాడని చదువుకుంటాడు. ఒక మనిషి ఉద్యోగం ఆ రెండు చదువుల మధ్య వేలాడుతుంది. బోగీ విషయంలో నేను మన వాడుక పక్షాన ఉన్నాను. ఇక్కడ ఉండలేను. 'డినై', 'రిఫ్యూజ్' కూడా ఇలాంటివే: ఒకటి నేను చేయలేదనడం, ఒకటి నేను చేయననడం. పోలీసు కాగితంలో ఆ రెండూ తారుమారైతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇలా చూడటం మొదలుపెట్టాక బారో, లెండ్ వాటంతటవే కుదురుకున్నాయి. ఆ అమ్మాయి కూర్చోబోయేది బ్యాంకు కౌంటరు వెనక. అప్పు కాగితంలో ఒక పేరు బారోయర్‌ది, ఒక పేరు లెండర్‌ది. ఎవరు ఎవరికి తీర్చాలో చెప్పేది ఆ రెండు మాటలే. 'ప్రిన్సిపల్' కూడా అప్పుడే వచ్చింది. కాలేజీ పెద్ద అనే అర్థం ఆమెకు తెలుసు. అప్పులో అది అసలు అని చెప్పగానే తల్లి అందుకుంది: "అసలు, మిత్తి." పాఠంలో ఆమె వంతు ఇప్పుడు రోజూ ఉంటోంది.

మేము జాబితా ముగించబోతుంటే ఆమే మరో జంటను తెచ్చింది. వాడకట్టులో ఎవరో లోను తీసుకుంటూ ఆమెను సంతకం పెట్టమన్నారట, సాక్షి సంతకమే అన్నారట. కాగితం ఇంగ్లీషులో ఉంది. "సాక్షికీ జమానతుకూ ఇంగ్లీషుల ఏమంటరు?" అని అడిగింది. విట్‌నెస్, గ్యారంటర్. మా పుస్తకంలో ఆ జంట లేదు. ఆ రెండు మాటలు చూడటానికి గానీ వినడానికి గానీ ఒకదానిలా మరొకటి ఉండవు. కానీ కాగితం చివర, పేరు రాసి సంతకం పెట్టే గీత దగ్గర, ఇంగ్లీషు రానివాళ్ళకు రెండూ ఒకటే. సాక్షి తన కళ్ళతో చూశానని చెబుతాడు, అంతవరకే. జమానతు పడినవాడి సంగతి వేరు: 1872 నాటి ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో ఇతనికీ అంతే.

ఇది అమ్మాయే చదివి తల్లికి తెలుగులో చెప్పింది. తల్లి మిషన్ మీది గుడ్డ పక్కకు జరిపి, ఆ రెండు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉంటాయో పెద్దగా రాసివ్వమని అడిగింది. అక్షరాలు కూడబలుక్కుని కాగితం మీద గుర్తుపట్టగలిగితే తనకు చాలట. రాసిచ్చాం. మర్నాడు ఆ కాగితం వెంట పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, సంతకం గీత కింద ఉన్న మాట ఏదో చూసి వచ్చింది.